గిర్ని భూమక్క కరెంటు బండి

ఎల్లారెడ్డిలో భూమక్కలు చాలామందే ఉన్నారు గాని, గిర్ని భూమక్క మాత్రం ఒక్కతే. పెనిమిటి ముత్తయ్య మస్కట్‌లో నీళ్ల ట్యాంకరు నడిపిన పదకొండేళ్లూ ఇంటి ముందరి పిండి గిర్నిని ఆమే నడిపింది. మోటారు పట్టా తెగితే దగ్గరుండి కుట్టించేది. రాళ్లు అరిగితే గంట్లు కొట్టే మనిషిని పిలిపించి, వాడు సరిగ్గా కొట్టేదాకా పక్కనుంచి కదిలేది కాదు. పిండిని రెండు వేళ్ల నడుమ రాసి చూసి, రొట్టెకు సాగుతుందో సాగదో చెప్పేది. సాయంత్రమయ్యేసరికి కనుబొమ్మలూ వెంట్రుకలూ తెల్లబడి, యాభై ఏళ్లు కూడా రాని మనిషి ముసలమ్మలా కనిపించేది. ఆ వేషం చూసి గిరాకీలు నవ్వితే ఆమె కూడా నవ్వేది.

2011లో బతుకమ్మ పండుగ ముందర ముత్తయ్య వచ్చేశాడు. ట్యాంకరులో కూర్చుని కూర్చుని నడుం పాడైందని, ఇక మళ్లీ వెళ్లనని అన్నాడు. భూమక్కకు సంతోషమే. ఇన్నేళ్లూ ఫోన్లో విన్న గొంతు ఇప్పుడు వంటింటి గడప దగ్గర వినిపిస్తుంటే ఒక్కోసారి ఉలిక్కిపడి, మళ్లీ తనలో తనే మురిసిపోయేది. అయితే వచ్చిన కొద్ది రోజులకే ఆయన వెళ్లి గిర్నిలో ఆమె స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు ఒక్కదానివే కష్టపడ్డవు. ఇగ నువ్వు ఆరాం చెయ్యి" అన్నాడు.

ఆ మాటలో ప్రేమే ఉంది. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. పరాయి దేశంలో అన్నేళ్లు చాకిరీ చేసి వచ్చిన మనిషి, గిర్ని పని నేను చూసుకుంటానంటే వద్దని ఎలా అంటుంది?

ఆరాం ఎలా చెయ్యాలో మాత్రం ఆమెకు తెలియలేదు. వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చింది. గిర్ని మోటారు చప్పుడు గోడ అవతలి నుంచి వినిపిస్తే, రాళ్లు దగ్గరగా బిగించాడనీ, పిండి మాడుతుందనీ ఆ చప్పుడును బట్టే తెలిసిపోయేది. లేచి వెళ్లబోయి, ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని మళ్లీ కూర్చునేది.

ఆ చలికాలంలో కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జొన్నలో మక్కలో మూట కట్టుకుని, ఆటోకు డబ్బులిచ్చి వచ్చినవాళ్లు గిర్ని ముందర కూర్చుని కూర్చుని, కరెంటు రాక, పట్టని గింజలతోనే తిరిగి వెళ్లేవారు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ రావడం తగ్గించారు. ఒకరోజు అట్లా తిరిగిపోతున్న ఒక ముసలమ్మను చూసి భూమక్కకు ఒక ఆలోచన వచ్చింది. గింజలు తనే వెళ్లి తెచ్చుకుంటే? కరెంటు ఉన్నప్పుడు పట్టి, పిండి మళ్లీ ఇంటికి చేర్చి వస్తే? వాళ్లకు తిప్పలు తప్పుతాయి. తనకు పని దొరుకుతుంది. కాని దేని మీద వెళ్లాలి? ఆమెకు సైకిలు తప్ప మరేమీ తొక్కడం రాదు. అది కూడా కూతురు అనిల హైస్కూలుకు పోయే రోజుల్లో, ఇంటి ముందర సందులో సరదాగా నేర్చుకున్నది.

అనిల ఇప్పుడు అత్తగారింట కామారెడ్డిలో ఉంటుంది. తల్లి మనసులో మాట ఫోన్లో విని ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

"అవ్వా, మా దగ్గర స్టేషన్ రోడ్డుల కరెంటు స్కూటర్ల షాపు పెట్టిండ్రు. దానికి లైసెన్సు అక్కర్లే. ఢిల్లీ సర్కారు గా బండ్లు కొనెటోళ్లకు నాలుగు వేలదాంక తగ్గిస్తుందట. గని మార్చి ఆఖరుదాంకనే. తర్వాత ఇస్తరో ఇయ్యరో తెల్వదు."

"లైసెన్సు అక్కర్లేదా? పోలీసులు ఆపరా?"

"మెల్లగ పోయే బండికి ఏమీ అక్కర్లేదవ్వా."

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భూమక్క సంగతి చెప్పింది. ముత్తయ్య ముద్ద కలుపుతూనే అడిగాడు.

"పోరగాండ్లు ఆడుకునే బండా అది?"

"పోరగాండ్లకు సర్కారు పైసలెందుకిస్తది? ఒక్కసారి చూసొద్దాం."

చూడ్డానికైతే ఆయనకు అభ్యంతరం లేదు. బండి అన్నది ఏదైనా సరే చూడటం ఆయనకు ఇష్టం.

మార్చి రెండో వారంలో పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డికి వెళ్లారు. షాపు చిన్నదే. ఎరుపు, నీలం, వెండిరంగు స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. షాపు పెట్టిన కుర్రవాడు మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేసి, చాయి తెప్పించి, ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

"దీనికి పెట్రోలు అక్కర్లేదమ్మా. లైసెన్సు అక్కర్లేదు. నంబరు ప్లేటు అక్కర్లేదు."

"మరి ఏం గావాలె?" అంది భూమక్క.

"కరెంటు."

"గదే లేదు గద బిడ్డా మా దిక్కు" అని ముత్తయ్య పకపకా నవ్వాడు. కుర్రవాడూ నవ్వేశాడు.

సర్కారు తగ్గించే సొమ్ము కోసం ఎవరి చుట్టూ తిరగనక్కరలేదని, అది ధరలోనే తీసేసి అమ్ముతామని అతను చెప్పాడు. పైగా షాపు తరఫున మరో సదుపాయం కూడా ఉందన్నాడు. అక్కడ బండి కొన్నవాళ్లు ఏడాది పాటు షాపుకు వచ్చి ఉచితంగా చార్జింగు పెట్టుకోవచ్చు.

భూమక్క ఒక క్షణం ఆలోచించింది. "ఎల్లారెడ్డి నుంచి గీడిదాంక వచ్చి చార్జింగు పెట్టుకుంటె, ఇంటికి పొయ్యేటాల్లకు అయిపోతది. గా ఫ్రీ మాకేం అక్కరకొస్తది? దాని బదులు ఇంకేమన్న ఇయ్యి."

కుర్రవాడు తల గోక్కుని, హ్యాండిలు ముందర ఒక ఇనుప బుట్ట బిగించి ఇచ్చాడు. ముత్తయ్య బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్లు నొక్కి చూశాడు. సీటెత్తి బ్యాటరీలు చూశాడు. వీధి చివరిదాకా నడిపి వచ్చాడు. దిగేటప్పటికి ఆయన ముఖం చూసి, బేరం కుదిరిపోయిందని భూమక్క గ్రహించింది. నీలంరంగు బండి కొన్నారు.

ఇంటికి తీసుకెళ్లేదెలా అన్నది తర్వాతి చిక్కు. ట్రాలీ ఆటోవాడు అడిగిన కిరాయి విని భూమక్క చెయ్యి అడ్డంగా ఊపింది. "సర్కారు ఇచ్చింది ఆటోకు పొయ్యాల్నా? బండి కొన్నది ఎక్కి పోనీకి. దాన్ని ఇంకో బండి మీద ఎక్కించుడేంది?"

"ఇద్దరం కూసుంటె అంత దూరం లాగదేమోనమ్మా" అన్నాడు కుర్రవాడు.

"ఆగిన కాడ చార్జింగు పెట్టుకుంటం" అన్నాడు ముత్తయ్య. ట్యాంకరు నడిపిన మనిషికి ఈ చిన్న బండి ముందర బెదరడం నామోషీగా అనిపించి ఉంటుంది.

అలా బయలుదేరారు. ముత్తయ్య నడుపుతున్నాడు. భూమక్క వెనక కూర్చుని చార్జరును ఒళ్లో పెట్టుకుంది. ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. సైకిలు మీద పోయే పిల్లలు వీళ్లతో సమానంగా కొంతదూరం వచ్చి, చేతులూపి వెనకబడ్డారు. లింగంపేట వైపు అడవిలో మోదుగులు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. బండికి చప్పుడే లేదు. టైర్ల కింద కంకర నలిగే శబ్దం, చెట్ల మీద పిట్టల అరుపులు తప్ప మరేమీ వినిపించడం లేదు.

ఆ నిశ్శబ్దంలో ముత్తయ్య మాట్లాడటం మొదలుపెట్టాడు. వచ్చి ఇన్ని నెలలైనా మస్కట్ గురించి ఆయన పెద్దగా చెప్పింది లేదు. అడిగితే "ఏముంటది, ఇసుక" అనేవాడు. ఇప్పుడు వెనక్కి తిరగకుండానే, ఎవరికో చెబుతున్నట్టు చెబుతున్నాడు.

"పొద్దుగాల నీళ్లు నింపుకొని గుట్టల నడుమ పోతుంటి. మనిషి కనపడడు. ఎండ అప్పుడే వస్తుండె. గప్పుడు జెర మంచిగనిపిస్తుండె భూమక్కా. మిగిలిందంతా కష్టమే గని, గంతసేపు మాత్రం దిల్ ఖుష్ ఉంటుండె."

"నాకెన్నడు చెప్పలే."

"ఫోన్ల ఏం చెప్పాలె? నువ్వు ఈడ కష్టపడుతుంటె, నాకు ఆడ మంచిగున్నదని ఎట్ల చెప్తరు?"

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పెళ్లయిన కొత్తలో కూడా రోడ్డు మీద అలా వెయ్యలేదు.

లింగంపేట దాటి కొంతదూరం పోయాక రోడ్డు ఎత్తెక్కడం మొదలుపెట్టింది. బండి వేగం తగ్గింది. ముందర ఎర్ర దీపం వెలిగింది. ముత్తయ్య కిందికి చూసేలోగా మూలిగినట్టు ఒక చిన్న శబ్దం చేసి బండి ఆగిపోయింది. భూమక్క దిగింది. ఆయన దిగి నూకడం మొదలుపెట్టాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో "అబ్బా" అని నడుం పట్టుకుని అక్కడే వంగిపోయాడు.

"నువ్వు హ్యాండిలు పట్టుకో చాలు. నేను ఎనకనుంచి నూకుత" అంది ఆమె.

అలా నూకుతూ రోడ్డు పక్కనున్న తండాకు చేరారు. మొదటి ఇంటి ముందర ఒకామె ఇప్పపువ్వు ఆరబోస్తోంది. పేరు కమ్లి. వీళ్లను చూసి చేతులు దులుపుకుని లేచింది.

"ఏమైందక్కా, పెట్రోలు అయిపోయిందా?"

"పెట్రోలు గాదు చెల్లే. కరెంటు అయిపోయింది."

కమ్లి బండిని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మా తండకొచ్చి కరెంటు అడుగుతున్నరా? పొద్దుగాల పోయింది. ఇగ ఎప్పుడొస్తదో దానికే తెల్వాలె. కూసోండ్రి."

ముత్తయ్య కూర్చునే స్థితిలో లేడు. మంచం వాల్చి పడుకోబెట్టారు. కాసేపటికి కమ్లి భర్త చాంద్యా ఉపాధి హామీ కరువు పని నుంచి వచ్చాడు. సంగతి విని, పొయ్యిలో ఇటుక వేడిచేసి, గుడ్డలో చుట్టి ముత్తయ్య నడుం కింద పెట్టాడు. చార్జరు గోడకున్న ప్లగ్గుకు తగిలించి, దాని మీద దీపం ఎప్పుడు వెలుగుతుందా అని అందరూ కొంతసేపు చూశారు. తర్వాత చూడటం మానేసి మక్క రొట్టెలు తిన్నారు.

రొట్టె తుంచగానే భూమక్క అడిగింది. "ఈ పిండి ఏడ పట్టించినవు చెల్లే?"

"ఎందుకక్కా, మంచిగ లేదా?"

"రుచి మంచిగున్నది. గని బరకగున్నది. రొట్టె అంచులు పగులుతున్నయి సూడు. గిది గట్క వండుకోనీకి పనికొస్తది, రొట్టెకు గాదు."

కమ్లి నిట్టూర్చింది. "ఏడ పడితె ఆడ పట్టిస్త. మూట నెత్తిన పెట్టుకొని రోడ్డుదాంక నడుస్త. ఆటో దొరికితె ఎక్కుత. గాడ కరెంటు ఉంటె ఉన్నట్టు, లేకుంటె మల్ల మోసుకొచ్చుడే. కరెంటు ఉన్ననాడు మంది ఎక్కువుంటరు, ఆగమాగం పట్టి ఇస్తరు."

ఆ మాటతో భూమక్కలో ఏదో కదిలింది. మెత్తగా కావాలంటే గింజను ముందురోజు ఎంత ఎండబెట్టాలో, పట్టేటప్పుడు రాళ్ల మధ్య ఎంత సందు వదలాలో, వేడి పిండిని వెంటనే డబ్బాలో పెట్టి మూతపెడితే ఎందుకు పురుగు పడుతుందో చెప్పుకుంటూ పోయింది. చెబుతుంటే ఆమె చేతులు గాలిలో గిర్ని తిప్పుతున్నట్టే కదిలాయి. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. మంచం మీద పడుకున్న ముత్తయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు గాని, నిద్రపోవడం లేదు.

"వారం వారం నేనే వస్త" అంది భూమక్క చివరికి. "గింజలు తీసుకపోయి, పట్టి, మల్ల తెచ్చి ఇస్త. పట్టినందుకు ఎంత ఇస్తరో గంతే ఇయ్యండ్రి. మీ ఆటో కిరాయి మీకు మిగులుతది."

"నువ్వెవరో నాకు తెల్వది గని," అంది కమ్లి, "పిండి ముచ్చట చెప్తుంటె నమ్మబుద్ధయితున్నది."

అప్పుడే చార్జరు మీద దీపం వెలిగింది. తండా పిల్లలు ఈల వేశారు.

బండిలో చార్జింగు నిండుతున్నంతసేపూ ముత్తయ్య ఇటుక మార్పించుకుంటూ పడుకున్నాడు. ఆయన నడిపే పరిస్థితి లేదని అందరికీ అర్థమైంది. కొంత చార్జింగు ఎక్కాక భూమక్క ప్లగ్గు తీసి, బండిని తండా బాటలోకి తోసుకుని వచ్చింది. మొదటిసారి హ్యాండిలు పిడి తిప్పగానే బండి ముందుకు దూకి, గడ్డివాములో ఆగింది. రెండోసారి కోళ్లను చెదరగొట్టింది. కమ్లి పక్కనే పరుగెత్తుతూ "బిరేకు, బిరేకు" అని అరిచింది. సైకిలు తొక్కిన కాళ్లకు బ్యాలెన్సు గుర్తుంది; చెయ్యే కొత్తగా నేర్చుకోవాలి. చాంద్యా ఇంటి నుంచి తండా చివరి వేపచెట్టు దాకా పోయి, తిప్పుకుని, పడకుండా తిరిగి వచ్చినప్పుడు తండా అంతా చప్పట్లు కొట్టింది. భూమక్క ముఖం వెలిగిపోయింది.

బండిని మళ్లీ ప్లగ్గుకు తగిలించి, చాలినంత చార్జింగు ఎక్కాక బయలుదేరారు. కాళ్ల దగ్గర కమ్లి ఇచ్చిన మక్కల మూట. వెనక నడుముకు ఇటుక గుడ్డ కట్టుకుని ముత్తయ్య. దారి పొడవునా "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉన్నాడు. "ఇంతకన్న మెల్లగ పోతె దిగి నడుసుకుంట పోవాలె" అంది ఆమె.

ఎల్లారెడ్డిలోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బస్టాండు దగ్గర మనుషులు ఆగి చూశారు. పెళ్లాం నడుపుతుంటే వెనక కూర్చుని వస్తున్నందుకు ముత్తయ్య సిగ్గుపడతాడేమోనని భూమక్కకు బెరుకుగా ఉంది. ఆయన మాత్రం ఊరేగింపులో ఉన్న లీడరులా అందరికీ చెయ్యి ఊపుతూ వచ్చాడు.

ఆ వారం నుంచి భూమక్క తిరగడం మొదలుపెట్టింది. మంగళవారం తండా. మిగతా రోజుల్లో దగ్గరి ఊళ్లు. చప్పుడు లేని బండి కాబట్టి ఊళ్లోకి రాగానే తనే "గిర్నీ... పిండి గిర్నీ..." అని కేకేసేది. మొదట్లో ఒకటి రెండు మూటలు దొరికేవి. పిండి బాగుందన్న మాట ఇంటి నుంచి ఇంటికి పాకి, వర్షాకాలం వచ్చేలోగా కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేనన్ని మూటలయ్యాయి. ముత్తయ్యకు గిర్నిలో చేతినిండా పని దొరికింది. ఏ మూట ఎట్లా పట్టాలో ఆమె చెప్పి మరీ ఇచ్చేది. ఆయన గింజ మార్చకుండా, మూట మార్చకుండా శ్రద్ధగా పట్టేవాడు.

ఆమె బండి చూసి ఊళ్లో మరొకరు కూడా కొన్నారు. చర్చి సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే సీమోను. చిన్నప్పుడు పోలియో వచ్చి అతనికి ఒక కాలు సన్నబడింది. కాలు ఆనించి కిక్కు కొట్టే బండి అతను నడపలేడు. మార్చి ఆఖరుకు ముందే కామారెడ్డికి పరుగెత్తి, తగ్గింపు ఉండగానే ఎర్ర బండి తెచ్చుకున్నాడు. కాని అతనిది కిరాయి ఇల్లు. కరెంటు బిల్లు ఎక్కువ వస్తుందని ఇంటివాళ్లు చార్జింగు పెట్టనివ్వలేదు. ఒక సాయంత్రం బండి నూకించుకుంటూ గిర్ని ముందరికి వచ్చి, మొహమాటంగా నిలబడ్డాడు.

"భూమక్కా, జెర సేపు ప్లగ్గు ఇస్తవా? పైసలిస్త."

భూమక్క ప్లగ్గు ఇచ్చింది గాని పైసలు తీసుకోలేదు. "మీ ఇంట్ల పిండి ఏడ పట్టిస్తరు?" అని అడిగింది.

ఆ రాత్రే పెనిమిటితో అంది. "గిర్ని బయట ఒక బోర్డు బిగిద్దాం. నాలుగైదు ప్లగ్గులు పెడుదాం. గింజలు పట్టిచ్చెటోళ్లకు చార్జింగు ఫ్రీ. బండ్లయినా సరే, సెల్లులయినా సరే."

"కరెంటు బిల్లు నీ అయ్య కడుతడా?"

"సర్కారు తగ్గియ్యకుంటె మనం బండి కొనేటోళ్లమా? ఎవరో ఒకరు జెర తగ్గిస్తెనే మంది కదులుతరు. మనం ప్లగ్గు ఇస్తె వాళ్లు గింజలు తెస్తరు. మోటరు తినే కరెంటు ముందర సెల్లు తినేదెంత?"

ముత్తయ్య గొణుక్కున్నాడు గాని, మర్నాడు బోర్డు తనే బిగించాడు. కోతల కాలంలో ఆ బోర్డు బాగా అక్కరకొచ్చింది. మూడు ఫేజుల కరెంటు వచ్చినప్పుడల్లా గిర్ని చుట్టూ మనుషులు చేరేవారు. ఒకరి ఫోను ఇంకొకరు తీసుకుపోయి, తెలియని చుట్టాలతో క్షేమసమాచారాలు మాట్లాడిన సందర్భాలూ ఉన్నాయి. భూమక్క ఒక్కో ఫోనుకు ఒక్కో రంగు దారం కట్టడం మొదలుపెట్టాక ఆ గోల తగ్గింది. సీమోను దినం విడిచి దినం వచ్చి బండి తగిలించి, బోర్డు బాగోగులు తనే చూసుకునేవాడు.

ఢిల్లీ వాళ్లు ఇచ్చిన తగ్గింపు మాత్రం ఆ మార్చితోనే ఆగిపోయింది. మళ్లీ ఇస్తారని షాపు కుర్రవాడు చాలా నెలలు ఎదురుచూశాడు. తగ్గింపు లేని ధరకు కొనేవాళ్లు రాలేదు. ఏడాది తిరిగేసరికి అతను షాపు మూసేశాడు. ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చిందని అనిల చెప్పినప్పుడు భూమక్కకు నిజంగా బాధ కలిగింది.

2013 వానల్లో ఒకరోజు ఆమె వాకిట్లో జారిపడింది. మడమ వాచిపోయింది. కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. ఊళ్ల నుంచి తెచ్చిన గింజలు గిర్నిలో ఉన్నాయి, పిండి కోసం జనం ఎదురుచూస్తున్నారు. ఒక్కడే వెళ్తే బరువు తక్కువ, నడుముకూ ఇబ్బంది ఉండదని, పట్టిన మూటలు చేర్చి రావడానికి ముత్తయ్య బండి తీశాడు. భూమక్క ఒక కాలు మరో స్టూలు మీద చాపుకుని గిర్నిలో కూర్చుంది.

మోటారు మీట వెయ్యగానే పట్టా తిరిగింది. గింజ రాళ్లలోకి జారిన చప్పుడు, వెచ్చటి పిండి వాసన, తొట్టి కింద చేతికి తగిలే మెత్తదనం. ఎన్నాళ్లకు! ఆ పూటంతా ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. సాయంత్రం అద్దంలో తెల్లటి కనుబొమ్మలు చూసుకుని కడుక్కోవాలనిపించక అలాగే ఉండిపోయింది.

ముత్తయ్య చీకటి పడే వేళకు వచ్చాడు. వానకు తడిసి ముద్దయినా ముఖం మాత్రం విప్పారి ఉంది. మస్కట్ నుంచి వచ్చాక ఆమె ఆయన ముఖం అలా చూడలేదు.

"చెరువుకట్ట మీద ఒక్కడినే వచ్చిన" అన్నాడు తల తుడుచుకుంటూ. "వాన ఆగింది. రోడ్డు మీద మనిషి లేడు. ఏమన్న మంచిగుండెనా!"

ఆమె అడిగింది. "ఒకటి అడుగుత, నిజం చెప్పు. గిర్నిల కూసునుడు నీకు ఇష్టమేనా?"

ముత్తయ్య తువాలు పక్కన పెట్టాడు. "ఇష్టం గాదు. ఊపిరాడనట్టుంటది. గని నీకు జెర ఆరాం ఇద్దామని కూసున్న. అన్నేండ్లు నువ్వు ఆ దుమ్ముల ఉంటివి గద."

"నాకు గా దుమ్మే ఇష్టమయ్యా. నువ్వొచ్చి కూసుంటివని లేచిన."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ముత్తయ్యకు నవ్వొచ్చింది. తర్వాత భూమక్కకు. కాలు నొప్పి పెడుతున్నా నవ్వు ఆగలేదు.

"రెండేండ్లాయె! ఒక్క మాటన్న అనకపోతివి" అన్నాడు ముత్తయ్య.

"నువ్వు అన్నవా?"

ఆ రోజు నుంచి ఏర్పాటు మారింది. గిర్ని భూమక్కది. రోడ్డు ముత్తయ్యది. మంగళవారం తండా మాత్రం ఆమె వదులుకోలేదు. కాలు బాగయ్యాక ఆ ఒక్కరోజు తనే పోయేది. కమ్లితో కూర్చుని ముచ్చట పెట్టి, ఆ కాలంలో దొరికేది ఏదో ఒకటి మూటగట్టించుకుని వచ్చేది. ఆ పూట గిర్నిలో కూర్చున్న ముత్తయ్య మాటిమాటికీ రోడ్డు వైపు చూసేవాడు.

తర్వాతి ఎండాకాలానికి బ్యాటరీలు వట్టిపోయాయి. నిండా చార్జింగు పెట్టినా పక్క ఊరు పోయి రావడమే గగనమైంది. సీమోను మూత విప్పి చూసి, ఇక వీటిలో పస లేదు, కొత్తవి వెయ్యాల్సిందేనన్నాడు. బ్యాటరీలకు ఎవరూ ఏమీ తగ్గించరని కూడా చెప్పాడు. పెట్రోలు బండి కొనుక్కొమ్మని ఊళ్లో చాలామంది సలహా ఇచ్చారు. అనిల కూడా ఆ మాటే అంది.

ముత్తయ్య తలూపలేదు. "పెట్రోలు బండి మొత్తుకుంటది. పిట్టల చప్పుడు ఇనపడది" అన్నాడు. భూమక్క గిర్ని డబ్బాలోంచి తను కూడబెట్టింది తీసి ఆయన చేతిలో పెట్టింది. సీమోను, ముత్తయ్య కలిసి కామారెడ్డి పోయి కొత్త బ్యాటరీలు తెచ్చి, గిర్ని ముందర నీడలో కూర్చుని తామే బిగించారు.

తొలకరి పడ్డ ఒక సాయంత్రం ముత్తయ్య మామూలుకంటే ఆలస్యంగా వచ్చాడు. భూమక్క రాళ్లు విప్పి శుభ్రం చేస్తోంది. ఆయన రెయిన్‌కోటు తనకు వేసుకోకుండా మూటల మీద కప్పి తెచ్చాడు.

"గాంధారి దిక్కు ఇంకో తండ ఉన్నది" అన్నాడు చొక్కా పిండుకుంటూ. "గాళ్లు గూడ రమ్మంటున్నరు. దారి మస్తుగున్నది, గుట్టల నడుమ."

"గంత దూరమా? పోయి రానీకి చార్జింగు సరిపోతదా?"

"సరిపోకుంటె గాడ ఎవరింట్లనో పెట్టుకుంట. రొట్టె తినుకుంట కూసుంట."

"దోస్తానాలు మంచిగ కలుపుతున్నవు" అంది ఆమె, రాయి మీద బ్రష్షు ఆపకుండానే. "ముందు గా మూటలు లోపట పెట్టు. చాయి పెట్టిన, తాగు. గాళ్లు జొన్నలు ఇస్తరో మక్కలు ఇస్తరో అడిగినవా?"

"రెండూ."

భూమక్క ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే పట్టా కొత్తది వెయ్యాలె" అని, రాయిని రెండు చేతులతో ఎత్తి మళ్లీ దాని చోట కూర్చోబెట్టింది. ముత్తయ్య చాయి గ్లాసు పట్టుకుని గిర్ని గడప మీద కూర్చున్నాడు. బయట బోర్డుకు వేలాడుతున్న ఫోన్లలో ఒకటి మోగుతోంది. ఎవరిదో తెలియదు గాని, ఇద్దరూ హాయిగా దాన్ని మోగనిచ్చారు.